నాయకుడి జీమెయిల్ హ్యాకైంది, ఫైలు మన గ్రూపుకొచ్చింది: చదవొచ్చా, పంపొచ్చా?

ప్రశ్న పొడుగ్గా ఉంది. తర్వాత చదివేవాళ్ల కోసం కుదించి చెప్తాను. పరకాల వైపు నుంచి ఒకాయన అడిగారు. వాళ్ల ప్రాంత నాయకుడి సొంత జీమెయిల్‌ను ఎవరో హ్యాక్ చేసి, మెయిళ్ల స్క్రీన్‌షాట్లు, వాటితో పాటు ఒక జిప్ ఫైలు ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశారు. అందులో ఒక రోడ్డు పని బిల్లు గురించి ఇంజనీరుతో నడిచిన మెయిళ్లున్నాయి, ఇంటి ముచ్చట్లూ ఉన్నాయి. ఈయన జిప్ దించుకుని ఇద్దరు దోస్తులకు పంపారు. "ప్రజల పైసల గురించి ప్రజలు చదివితే తప్పెట్లయితది సార్? అమెరికాల సారా పేలిన్ మెయిల్ గూడ ఇట్లనే హ్యాక్ చేసిన్రంట గదా, అక్కడేమైంది? గ్రూపు అడ్మిన్ మా అన్న, ఆయన మీదికేమన్న వస్తదా?" ఇదీ అడిగింది.

ముందు జవాబు. మెయిల్ ఎవరిదైనా, హ్యాక్ చేయడం నేరమే. నాయకుడిది కదా అని చట్టంలో సడలింపు ఏమీ లేదు. గ్రూపులో వచ్చింది చదివినంత మాత్రాన మీ మీద కేసు నిలబడదు. జిప్ ఫైలును దగ్గర పెట్టుకుని పంచడం దగ్గరే చిక్కు ఉంది. అడ్మిన్ అయిన పాపానికి మీ అన్న మీదికి ఏదీ రాదు. రోడ్డు బిల్లు సంగతి బయటికి రావాల్సిందే, దానికి దారులున్నాయి, అవి ఈ జిప్ కన్నా గట్టివి. ఇప్పటికిప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే: ఇంకెవ్వరికీ పంపకండి, భయపడి ఏదీ చెరపకండి. రెండో మాట ఎందుకంటున్నానో పేలిన్ కేసు దగ్గర తెలుస్తుంది.

నేను హనుమకొండ అదాలత్‌లో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తాను. సైబర్ కేసుల్లో ఫిర్యాదుదారు వైపూ, ముద్దాయి వైపూ వకాలత్ వేశాను. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు జనం రెండు ప్రశ్నలను ఒకటే అనుకుంటారు. మెయిల్లోకి ఎట్లా చొరబడ్డారు అన్నది ఒకటి. లోపల ఉన్నది ఎవరికి సంబంధించింది అన్నది ఇంకొకటి. నాయకుడి వైపు వాళ్లు మొదటిది పట్టుకుని "దొంగ సొత్తు, దాని గురించి మాట్లాడొద్దు" అంటారు. అవతలి వాళ్లు రెండోది పట్టుకుని "అవినీతి కదా, హ్యాక్ చేస్తే ఏం పోయింది" అంటారు. కోర్టు రెండింటికీ విడివిడిగా జవాబు చెప్తుంది.

మీరడిగిన అమెరికా కేసు ఈ తేడాను బాగా చూపిస్తుంది. 2008 సెప్టెంబరులో సారా పేలిన్ అలాస్కా గవర్నరు, రిపబ్లికన్ పార్టీ తరఫున ఉపాధ్యక్ష అభ్యర్థి. ప్రభుత్వ పనులకు సొంత యాహూ ఖాతా వాడుతున్నారని అప్పటికే పత్రికల్లో విమర్శ వచ్చింది. టెనెసీ విశ్వవిద్యాలయంలో చదివే 20 ఏళ్ల కుర్రాడు ఆ ఖాతాలోకి దూరాడు. వాడి దగ్గర గొప్ప హ్యాకింగ్ విద్య ఏమీ లేదు. 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' నొక్కాడు. యాహూ పుట్టిన తేదీ అడిగింది, పిన్‌కోడ్ అడిగింది, భర్తను మొదట ఎక్కడ కలిశారని అడిగింది. మూడూ ఇంటర్నెట్‌లో దొరికాయి. భర్త పరిచయమైంది వసిల్లా హైస్కూల్లో. లోపలికి వెళ్లి పాస్‌వర్డ్‌ను 'పాప్‌కార్న్' అని మార్చి, ఆ ముక్కను ఫోర్‌చాన్ అనే, పేరు చెప్పకుండా ఎవరైనా రాసే వెబ్‌సైటులో అందరికీ కనబడేటట్టు పెట్టేశాడు. అవినీతి ఆధారాలేమీ దొరకలేదని తనే రాసుకున్నాడు కూడా. బయటపడ్డవి కుటుంబం ఫొటోలు, ఫోన్ నంబర్లు. నంబరు బయటికి పోయాక వచ్చిన వేధింపు కాల్స్ గురించి పేలిన్ కూతురు విచారణలో సాక్ష్యం చెప్పింది.

2010 ఏప్రిల్‌లో జ్యూరీ తీర్పు ఇచ్చింది. మోసం ఆరోపణ కొట్టేశారు. గుర్తింపు దొంగతనం ఆరోపణ మీద ఏకాభిప్రాయం రాలేదు. అనుమతి లేకుండా ఖాతాలోకి వెళ్లడం చిన్న తరహా నేరంగా తేలింది. పెద్ద నేరం కింద రుజువైంది మరొకటి: దర్యాప్తు వస్తుందని తెలిసి తన కంప్యూటర్లో జాడలు తుడిచేయడం. ఏడాది ఒక రోజు శిక్ష పడింది. 2012లో పై కోర్టు కూడా ఆ పెద్ద నేరం తీర్పును నిలబెట్టింది. మెయిల్ చూసినందుకన్నా, చూసిన ఆనవాళ్లు తుడిచినందుకు ఎక్కువ మూల్యం చెల్లించాడన్న మాట.

దీనికి రెండో భాగం ఉంది, అది మన వాట్సాప్ గ్రూపుల్లో తిరగదు. 2008లోనే పత్రికలవాళ్లు అలాస్కా సమాచార చట్టం కింద పేలిన్ మెయిళ్ల కోసం దరఖాస్తులు పెట్టారు. మూడేళ్లు సాగదీసి, చివరికి 2011 జూన్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాదాపు 24 వేల పేజీలు అట్టపెట్టెల్లో పెట్టి ఇచ్చింది. 2012లో అలాస్కా సుప్రీంకోర్టు ఇంకో మాట అన్నది: సొంత ఖాతా నుంచి పంపినంత మాత్రాన, ప్రభుత్వ పనికి సంబంధించిన మెయిల్ పబ్లిక్ రికార్డు కాకుండా పోదు. హ్యాక్ చేసినవాడికి దక్కింది జైలు. దరఖాస్తు పెట్టినవాళ్లకు దక్కింది 24 వేల పేజీలు.

ఇక మన చట్టానికి వస్తాను.

సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000లో 43వ సెక్షన్ పునాది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ వెళ్లడం, అందులోంచి డేటా కాపీ చేసుకోవడం, ఇంకొకరు వెళ్లడానికి సాయం చేయడం, అన్నీ దాని కిందికి వస్తాయి. ఇంతవరకు నష్టపరిహారం వ్యవహారం. ఇదే పనిని దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ను అట్లా వాడితే 66సి, మూడేళ్లు, లక్ష దాకా జరిమానా. గ్రూపులో స్క్రీన్‌షాట్లతో పాటు పాస్‌వర్డ్ కూడా ఎవరైనా పెట్టి ఉంటే, మీరు సరదాకు కూడా అది కొట్టి చూడొద్దు. గూగుల్ ప్రతి లాగిన్‌కు ఐపీ అడ్రసు, సమయం రాసుకుంటుంది. పోలీసులు మొదట తెప్పించేది ఆ జాబితానే.

మన దగ్గర 'హ్యాకింగ్' అని స్టేషన్‌కు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అసలు హ్యాకింగే కాదు. నాయకుడికి జీమెయిల్ తెరిచింది పీఏ. రికవరీ నంబరు పీఏది. పాస్‌వర్డ్ నాయకుడి కొడుకు పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. టికెట్ల కాలంలో పీఏకు, నాయకుడికి చెడుతుంది, పీఏ అవతలి పార్టీ ఆఫీసులో కూర్చుంటాడు. రికవరీ నంబరు మాత్రం అట్లనే ఉంటుంది. లేదంటే కలెక్టరేట్ దగ్గర ఏదో నెట్ సెంటర్లో ప్రింటు కోసం లాగిన్ అయి, బయటికి రావడం మర్చిపోతారు. నేను ముద్దాయి వైపు చూసిన ఒక కేసులో సరిగ్గా పీఏ కథే. "పాస్‌వర్డ్ ఆయనే నాకిచ్చిండు సార్, నేను దొంగతనం చేసిన్నా?" అన్నాడు. ఇచ్చింది పనిలో ఉన్నప్పుడు, ఆ పని కోసం. మానేసిన రోజుతో ఆ అనుమతి అయిపోయింది. తాళంచెవి తిరిగివ్వనంత మాత్రాన ఇల్లు పాత పాలేరుది కాదు కదా.

ఆ కేసు ఎట్లా ముగిసిందో కూడా చెప్తాను. మూడేళ్ల శిక్ష ఉన్న ఐటీ చట్టం నేరాలకు 77బి ప్రకారం బెయిల్ హక్కుగా దొరుకుతుంది. 77ఎ కింద రాజీకి కూడా వీలుంది. వీళ్లిద్దరూ లోక్ అదాలత్‌లో రాజీ పడి, బయట టీ తాగి వెళ్లారు. అదే పీఏ "పైసలియ్యి, లేకుంటే మెయిళ్లు గ్రూపుల్ల పెడ్త" అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే కథ వేరే తీరుగా ఉండేది. అది బెదిరించి వసూలు చేయడం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్. అక్కడ పైసలు చేతికి అందాయంటే బెయిల్ జడ్జి విచక్షణ.

ఇప్పుడు మీ సంగతి. మీరు హ్యాక్ చేయలేదు, ఫైలు మీ దగ్గరికి వచ్చింది. దీనికి సంబంధించింది 66బి. చోరీ అయిన 'కంప్యూటర్ వనరు'ను, అది చోరీ సొత్తని తెలిసి, దురుద్దేశంతో తీసుకున్నా, దగ్గర పెట్టుకున్నా నేరం అంటుంది. చాలామంది, కొందరు వకీళ్లు కూడా, ఈ సెక్షన్ దొంగ ల్యాప్‌టాపులకు, దొంగ ఫోన్లకు మాత్రమే అనుకుంటారు. చట్టం మొదట్లో ఉన్న నిర్వచనం చూడండి, 'కంప్యూటర్ వనరు' అంటే అందులో డేటా కూడా ఉంది. అంటే మీ ఫోన్లో ఉన్న ఆ జిప్ ఫైలును ఈ సెక్షన్ కిందికి తేవచ్చు. శిక్ష మూడేళ్ల దాకా, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

అయితే 'దురుద్దేశం' అన్న మాట అక్కడ ఊరికే లేదు. చట్టంలో దాని అర్థం ఎవరికైనా అక్రమ లాభమో, అక్రమ నష్టమో కలిగించాలనే ఉద్దేశం, అదీ ఆస్తి విషయంలో. గ్రూపులో వచ్చింది విప్పి చూశాను, ఇద్దరికి చూపించాను, అన్నదానిలో ప్రాసిక్యూషన్ ఇది రుజువు చేయాలంటే చెమట పట్టాల్సిందే. నేనైతే ముద్దాయి వైపు మొదట పట్టుకునేది ఈ ఒక్క పదాన్నే. కానీ అది విచారణలో తేలే విషయం. ఈలోపు నోటీసు వస్తుంది, ఫోన్ పోతుంది, స్టేషన్ చుట్టూ తిరగాలి. మన దగ్గర కేసు గెలవడం కన్నా కేసులో పడకపోవడం మేలని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావాలి: ఉంచుకుంటే 66బి అంటున్నారు, చెరపొద్దంటున్నారు, మరి ఏం చేయాలి? తెలియని నంబరు నుంచి వచ్చిన చెత్త ఫార్వర్డును ఎవరైనా చెరిపేసుకుంటే నేరం కాదు. మీరు అక్కడితో ఆగలేదు, పంపారు. ఫిర్యాదు అయిందనో, అవుతుందనో తెలిశాక చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు. న్యాయ సంహిత 238, 241 సెక్షన్లు దాని కోసమే ఉన్నాయి, రెండోదాంట్లో ఎలక్ట్రానిక్ రికార్డు అన్న మాట స్పష్టంగా ఉంది. కాబట్టి ఫైలును ఉన్నచోట ఉండనివ్వండి, మళ్లీ విప్పకండి. ఎప్పుడు, ఏ గ్రూపులో, ఏ నంబరు నుంచి వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఒక వకీలును కలిసి, ఆయన ద్వారా పోలీసులకో, బిల్లు సంగతి ఉంది కాబట్టి ఏసీబీకో రాతపూర్వకంగా తెలియజేయండి. అధికారికి అప్పజెప్పడానికి ఉంచుకున్న ఫైలులో దురుద్దేశం వెతకడం కష్టం. ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 మీకు తెలిసే ఉంటుంది. ఫోన్‌తో ఆపకుండా ఉత్తరం పెట్టండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

అడ్మిన్ విషయం తొందరగా ముగిస్తాను. గ్రూపులో ఇంకొకరు పెట్టినదానికి అడ్మిన్ కాబట్టి నేరస్థుడు అనడానికి లేదని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీ అన్న ఆ ఫైలును తనే ఇంకో గ్రూపులో వేసి ఉంటే మాత్రం అడ్మిన్‌గా కాకుండా పంపినవాడిగా జవాబు చెప్పాలి. వేయలేదంటే, "ఇది ఇంకెవరూ పంపొద్దు" అని గ్రూపులో ఒక లైను రాసి వదిలేయమనండి.

ఇక గోప్యత. "నాయకుడికి ప్రైవసీ ఏంది?" అని చాలామంది అంటారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది, పదవిలో ఉన్నవాళ్లకు లేదని అనలేదు. అంతకన్నా ముందు 1994లో తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ జీవితకథ ప్రచురణ మీద వచ్చిన తీర్పు మీ ప్రశ్నకు ఇంకా దగ్గర. ప్రభుత్వాధికారులు తమ విధి నిర్వహణకు సంబంధించిన విషయాల్లో గోప్యత భంగమైందని నష్టపరిహారం అడగలేరని అందులో ఉంది, నిజానిజాలు ఏమాత్రం పట్టించుకోకుండా రాస్తే తప్ప. ఆ గీత మీ జిప్ ఫైలు మధ్యలోంచే పోతుంది. ఇంజనీరుతో రోడ్డు బిల్లు మెయిల్ గీతకు ఇవతల. భార్య ఆస్పత్రి రిపోర్టు, కూతురు పెళ్లి సంబంధాల బయోడేటాలు, బ్యాంకు స్టేట్‌మెంటు అవతల.

ఈ గీత పట్టించుకోని ఒక కుర్రాడి కేసు నా దగ్గరికి వచ్చింది. యూట్యూబ్‌లో లోకల్ న్యూస్ ఛానల్ నడుపుతాడు. వేరే నాయకుడు, వేరే లీకు. కాంట్రాక్టు మెయిల్ ఒక్కటే చూపించి ఉంటే వాదించడానికి నా చేతిలో చాలా ఉండేది. వీడు ఊపు కోసం ఇన్‌బాక్స్ మొత్తం స్క్రోల్ చేస్తూ వీడియో తీశాడు. నాయకుడి కోడలు డాక్టరుకు రాసిన మెయిల్ సబ్జెక్టు లైను రెండు సెకన్లు కనబడుతుంది. ఫిర్యాదు చేసింది నాయకుడు కాదు, కోడలు. ఆమె పదవిలో లేదు, ఓటు అడగలేదు. ఆమె ముందు 'ప్రజా ప్రయోజనం' అని నేనేం వాదించాలి? కాంట్రాక్టు సంగతి గాలికి పోయింది, ఊరంతా కోడలి వైపు మాట్లాడారు.

సొంత మెయిల్ మీద సర్కారు పని చేయడం తప్పు కాదా అని మీరు కింద కామెంట్లో అడిగారు. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ఈమెయిల్ విధానం ప్రకటించింది, అధికారిక వ్యవహారాలకు ప్రైవేటు మెయిల్ వాడొద్దని. అది ఉద్యోగులకు. ఎన్నికైన నాయకుడు జీమెయిల్ వాడితే జైలుకు పంపే సెక్షన్ ఏదీ లేదు. వాడకూడదన్నదే నా అభిప్రాయం, అది వేరే సంగతి.

కానీ ఉత్తరానికి రెండు కొసలుంటాయి. నాయకుడి కొస ఆయన జీమెయిల్లో ఉంది, ఇంకో కొస ఇంజనీరు దగ్గర, అంటే ప్రభుత్వ ఆఫీసులో ఉంది. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్)లో 'సమాచారం' అంటే ఏమేమిటో రాస్తూ ఈమెయిళ్లను పేరు పెట్టి చేర్చారు. ఇంజనీరుకు వచ్చిన, ఆయన పంపిన అధికారిక ఉత్తర ప్రత్యుత్తరాల కాపీలు మీరు అడగొచ్చు. నేనైతే మెయిళ్లతో మొదలుపెట్టను. రోడ్డు పనిలో తప్పు జరిగితే అది మెయిల్లో కన్నా ఎం.బి.లో బాగా కనబడుతుంది. ఆ కొలతల పుస్తకంలో ఎన్ని మీటర్లు, ఎంత మందం, ఏ తేదీన ఎవరు కొలిచారు, ఎవరు చెక్ చేశారు, అంతా సంతకాలతో ఉంటుంది. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో పీఐఓకు, అంటే సమాచారం ఇచ్చే అధికారికి, ఒకే దరఖాస్తులో ఇవి అడగండి: ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం.బి. పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు. పని జరిగిన చోటు చూసే హక్కు, మెటీరియల్ నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా 2(జె)లో ఉన్నాయి. రోడ్డు ముక్క తవ్వించి తీసుకోవచ్చని చెప్తే మన ఊళ్లల్లో ఎవరూ నమ్మరు, చట్టం చదివి చూపించాల్సి వస్తుంది.

30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్. ఒక హెచ్చరిక. 2025 నవంబరులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు వచ్చినప్పుడు సమాచార హక్కు చట్టం 8(1)(జె) కూడా మారింది. వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో తిరస్కరించడం ఇదివరకటి కన్నా సులువైంది. పీఐఓలు దీన్ని అన్నిటికీ వాడటం మొదలుపెట్టారు. ఎం.బి. ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదని అప్పీలులో రాయండి. 8(2) అట్లనే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులున్నా ఇవ్వొచ్చని చెప్పే సెక్షన్ అది. దాన్ని కూడా ఉటంకించండి.

దొంగదారిన వచ్చిన మెయిల్‌ను కోర్టు చూస్తుందా? చూడొచ్చు. కాగితం ఎట్లా వచ్చిందన్నది ఒక ఎత్తు, కేసుకు సంబంధం ఉందా అన్నది ఒక ఎత్తు అని సుప్రీంకోర్టు 1970లలో పూరణ్‌మల్ కేసు నాటి నుంచి అంటూనే ఉంది. 2019 ఏప్రిల్‌లో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు మీద రివ్యూ పిటిషన్లలో కేంద్రం, "అవి రక్షణ శాఖ నుంచి పోయిన పత్రాలు, చూడొద్దు" అన్నది. కోర్టు ఒప్పుకోలేదు. 2025 జూలైలో భార్యాభర్తల కేసులో చాటుగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణల విషయంలోనూ దాదాపు అదే దారిలో నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రం గతంలో ఒక భర్త భార్య ఫోన్‌ను ట్యాప్ చేసి తెచ్చిన రికార్డును తోసిపుచ్చింది. 2025 తీర్పు తర్వాత అట్లాంటి వాదన కష్టం.

ఇందులో ఒక మెలిక ఉంది. మెయిల్ సాక్ష్యంగా పనికొస్తే నాయకుడికి ఇబ్బంది, కానీ హ్యాక్ చేసినవాడి నేరం దానివల్ల చల్లారదు. ఇద్దరి మీదా కేసులు నడవొచ్చు. ఇలా బయటపెట్టేవాళ్లను కాపాడటానికి 2014లో పార్లమెంటు చట్టమైతే చేసింది, అమల్లోకి తేలేదు. కాబట్టి "విజిల్ బ్లోయర్‌ను, నాకేం కాదు" అని ధైర్యంగా తిరిగేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

అదీ కాక స్క్రీన్‌షాట్‌కు కోర్టులో విలువ చాలా తక్కువ. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, పాత సాక్ష్య చట్టంలోని 65బి లాంటిదే. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి, రెండోది నిపుణుడు సంతకం పెట్టాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. మీకు వచ్చిన జిప్‌ను ఎవరు చేశారో తెలియదు, ఎవరు సర్టిఫికెట్ ఇస్తారు? పైగా స్క్రీన్‌షాట్లో అక్షరాలు మార్చడం ఇప్పుడు పిల్లలాట. అసలు మెయిల్‌కైతే హెడర్, అంటే ఏ దారిన వచ్చిందో చెప్పే పైభాగం, ఉంటుంది, అందులో పంపిన సర్వరు వేసే డీకిమ్ అనే డిజిటల్ సంతకం ఉంటుంది. 2016లో హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి పొడెస్టా జీమెయిల్ లీకైనప్పుడు చాలా మెయిళ్లు కల్పితం కావని సాంకేతిక నిపుణులు దీంతోనే సరిచూశారు. మీ జిప్‌లో హెడర్లున్న మెయిల్ ఫైళ్లున్నాయా, వట్టి బొమ్మలేనా అన్నది దర్యాప్తు అధికారి తేల్చుకుంటాడు, మీరు విప్పి చూడొద్దు. ఒకటి రెండు కల్పిత మెయిళ్లు ఉన్నాయనుకోండి, వాటిని పంచినవాళ్ల మీద పరువు నష్టం, ఫోర్జరీ సెక్షన్లు కూడా వచ్చి పడతాయి.

ఇంకొకాయన కింద అడిగారు, "సర్కారోళ్లు అందరి ఫోన్లు ఇన్నరు కదా, మనం ఒక్క మెయిల్ చూస్తే తప్పా?" అని. ఆయన అంటున్నది 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు గురించి. ఆ కేసు నడుస్తోంది, అందులో ఎవరు దోషులో నేను చెప్పను. కానీ ఆ కేసు పెట్టగలిగారంటేనే అర్థం ఏమిటి? ప్రభుత్వం కూడా ఇష్టం వచ్చినట్టు వినకూడదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది, హోం కార్యదర్శి స్థాయిలో రాతపూర్వక ఉత్తర్వు ఉండాలని. అది లేకుండా పోలీసు విన్నా నేరమే అన్నప్పుడు, మన గ్రూపువాడు మెయిల్ విప్పితే ఒప్పెట్లా అవుతుంది?

నాయకుల పీఏలు ఎవరైనా ఇది చదువుతుంటే: రికవరీ నంబరు, రికవరీ మెయిల్ ఎవరివో ఇవాళ చూసుకోండి. హ్యాకైతే మొదట గూగుల్ అకౌంటులో లాగిన్ అయిన పరికరాల జాబితా ఫొటో తీసుకుని, ఆ తర్వాతే అందర్నీ లాగౌట్ చేయండి. చాలామంది ముందు లాగౌట్ చేసేసి ఆధారం పోగొట్టుకుంటారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరు డబ్బు పోయిన కేసులకు ఎక్కువ ఉపయోగం. దీనికి సైబర్ క్రైం స్టేషన్లో రాసిచ్చిన ఫిర్యాదు కావాలి, ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గనివాళ్లే దర్యాప్తు చేయాలి. నష్టపరిహారం కావాలంటే రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు వేసుకోవచ్చు, ఐదు కోట్ల దాకా అడిగే అధికార పరిధి ఆయనది. ఆ దారి ఉందని మన వైపు వకీళ్లకే పెద్దగా గుర్తుండదు.

చివరగా, మీకు నోటీసు వస్తే. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 179 కింద వస్తే సాక్షిగా పిలిచారని. 35(3) కింద వస్తే, అంటే జనం ఇంకా 41ఎ నోటీసు అంటున్నది, మిమ్మల్ని అనుమానితుడిగా చూస్తున్నారని. రెండింటికీ వెళ్లాలి, రెండోదానికి వకీలుతో మాట్లాడి వెళ్లాలి. ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ అడగండి, అందులో ఐఎంఈఐ నంబరు, ఫోన్‌ను మీ ముందే సీల్ చేసిన సంగతి ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టండి. మీరు ఫైలు పంపిన ఇద్దరు దోస్తులకు ఫోన్ చేసి, ఇంకెవరికీ పంపొద్దని చెప్పండి. "డిలీట్ కొట్టురా" అని మాత్రం వాట్సాప్‌లో రాయకండి.